పెరటి ప్రశ్నలు: రాలి మొలిచే పూలు, పాకే తీగలు

ఈ నెల ఉత్తరాల్లో రెండు రకాలు ఉన్నాయి. ఒకసారి గింజ చల్లితే ఏటా దానంతటదే మొలిచి పూసే మొక్కలు చెప్పమని కొందరు అడిగారు. అలా మొలిచిన తీగే పెరడంతా కమ్మేసింది, వదిలించుకునే దారి చెప్పమని ఇంకొందరు అడిగారు. మొదటివాళ్ళకి జవాబు రాస్తున్నంతసేపూ రెండోవాళ్ళ ఉత్తరాలు ఎదురుగా పెట్టుకునే రాశాను. మంచు పడని, ఎండ బాగా కాసే చోట తోట పెంచేవాళ్ళకోసం ఈ జవాబులు.

ప్రశ్న: కొత్తగా ఇల్లు కట్టుకున్నాం. ముందు కొంచెం ఖాళీ స్థలం ఉంది, రోజంతా ఎండ. ఇద్దరం ఉద్యోగస్తులం. ప్రతి సీజన్‌కీ నారు తెచ్చి నాటే ఓపిక లేదు. ఒక్కసారి వేస్తే చాలు అనిపించే పూలమొక్కలు ఏవి?

జవాబు: ఓపిక లేదని మీరు ముందే చెప్పారు కాబట్టి నేనూ ముందే చెప్పేస్తాను. రాలి మొలిచే మొక్కలతో విత్తే పని తప్పుతుంది గానీ పీకే పని తప్పదు. ఒక కాస్మోస్ మొక్క కింద పదుల కొద్దీ మొలకలు వస్తాయి. వాటిలో నాలుగైదు ఉంచి మిగతావి నిర్దాక్షిణ్యంగా పీకేయగలిగినవాళ్ళకే ఈ తోట. పచ్చటి మొలక పీకడానికి చెయ్యి రాదంటే మందారం, నూరువరహాలు లాంటి పొదలు నాటుకుని హాయిగా ఉండండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

పీకగలం అంటారా, అయితే వినండి. ఎండ నేలకి నా మొదటి ఓటు నారింజ రంగు కాస్మోస్‌కి. కాస్మోస్‌లో రెండు రకాలు ఎక్కువగా దొరుకుతాయి. గులాబీ, తెలుపు రంగుల్లో పెద్ద పూలు పూసి, ఆకులు దారాల్లా సన్నగా ఉండేది ఒకటి. పసుపు, నారింజ రంగుల్లో పూసి, ఆకు కాస్త వెడల్పుగా ఉండేది రెండోది. రెండింటి పుట్టుకా మెక్సికో వైపే అయినా, మండే ఎండని తట్టుకోవడంలో నారింజదే పైచెయ్యి. విత్తిన రెండు నెలలకల్లా పూతకొస్తుంది. నేల సారం లేనిదైనా ఫర్వాలేదు. ఎరువు ఎక్కువ వేశారో, మొక్క ఏపుగా పెరిగి, ఆకు తప్ప పువ్వు కనబడదు. రేకులు రాలాక పువ్వు మధ్యలో గింజలు పొడవుగా, సన్నగా, కొసన చిన్న కొక్కేలతో విచ్చుకుని నిలబడతాయి. మీరు పక్కనుంచి నడిచినా చాలు, బట్టలకి పట్టుకుని వచ్చేస్తాయి. కుక్క ఉన్న ఇంట్లో అయితే వీధి గుమ్మం దాకా కాస్మోస్ మొలుస్తుంది.

రెండోది బొగడబంతి. పువ్వు ఎండినా రంగు పోదు కాబట్టి ఎప్పుడు గింజకొచ్చిందో చూసి చెప్పడం కష్టం. ఎండిన తలని రెండు వేళ్ళ మధ్య నలిపి చూడండి. పొరల మధ్య తెల్లటి నూగు, ఆ నూగులో చిన్న గోధుమరంగు గింజ తగులుతుంది. తగిలిందంటే పక్వానికి వచ్చినట్టే. దాన్ని కొయ్యకుండా వదిలేస్తే అక్కడే రాలి, తడి తగలగానే మొలుస్తుంది.

మూడోది కోడిజుట్టు. దీని గింజలు జుట్టు పైభాగంలో ఉంటాయనుకుంటారు చాలామంది. కాదు, మడతలకి కిందుగా, కాడ వైపు ఉన్న చిన్న చిన్న కాయల్లో ఉంటాయి. ఒక కాగితం పరిచి ఎండిన పువ్వుని దులిపితే నల్లగా మెరిసే సన్నటి గింజలు జలజలా రాలతాయి. ఒక్క పెద్ద జుట్టు చాలు, మీ వీధికంతటికీ పంచొచ్చు. మొలకలు గుంపులు గుంపులుగా వస్తాయి. జానెడు ఎడం ఉండేలా పలచన చెయ్యకపోతే అన్నీ వేలెడంతే పెరిగి గోరంత పువ్వు పూస్తాయి.

అంచుల్లోకి నాచు మొక్కలు. కొందరు టేబుల్ రోజా అంటారు. దీని కాయ నాకు భలే ముచ్చట. పక్వానికి రాగానే పై సగం మూతలా ఊడిపోతుంది, కింది సగం గిన్నెలా మిగులుతుంది, అందులో ఉక్కు రంగు పొడిలాంటి గింజలు. చిన్న గాలికే ఒలికిపోతాయి. మూలల్లోకి చంద్రకాంత వేస్తే గింజతోనూ, నేలలోని దుంపతోనూ రెండు విధాలా తిరిగొస్తుంది. నీళ్ళు పోయడం మర్చిపోయే ఇల్లయితే బిళ్ళగన్నేరు. అది ఎండకి చావదు, నీళ్ళు నిలిస్తే మాత్రం కాండం మొదలు కుళ్ళి ఒక్కసారిగా వాలిపోతుంది.

ఇవన్నీ ఒకేసారి చల్లకండి. మొదటి ఏడాది మూడే రకాలు. వాటి మొలకలు మీ కంటికి బాగా అలవాటయ్యాక మిగతావి.

ప్రశ్న: మా ఇంటికి తూర్పు ఎండ మాత్రమే పడుతుంది, మధ్యాహ్నం నుంచి నీడ. రాలి మొలిచేవి ఏవైనా బతుకుతాయా?

జవాబు: బాల్సం, టొరేనియా. రెండూ మీ తూర్పు వైపు కోసమే పుట్టినట్టు ఉంటాయి. బాల్సం కాయ నూగుతో ఉబ్బుగా ఉంటుంది. ముదిరిన కాయని ముట్టుకోగానే ఐదు పెచ్చులూ చుట్టుకుపోయి గింజల్ని దూరంగా విసిరేస్తాయి. అందుకే దాని పిల్లలు తల్లి మొక్క కింద కాకుండా మూరెడు దూరంలో మొలుస్తాయి, అక్కడ వెతకండి. టొరేనియా గింజ పొడిలా ఉంటుంది, మట్టి కప్పితే మొలవదు.

ప్రశ్న: పోయినసారి కాస్మోస్, నాచు, బంతి అన్నీ విరగబూశాయి. అవే మళ్ళీ మొలుస్తాయని ఎదురుచూశాను. ఒక్కటంటే ఒక్కటి రాలేదు. తోటని రోజూ శుభ్రంగా ఉంచుతాను, వాడిన పువ్వు కనబడితే తుంచేస్తాను, వేసవిలో మడులన్నీ లోతుగా తవ్వి ఎండుటాకులు మందంగా పరిచాను. లోపం ఎక్కడ?

జవాబు: మీ ప్రశ్నలోనే జవాబు ఉందండీ. శుభ్రమే లోపం!

వాడిన పువ్వుని తుంచితే మొక్క గింజ కట్టదు, ఇంకో పువ్వు పూస్తుంది. పూత పొడిగించడానికి అది చక్కటి పద్ధతే. కాకపోతే సీజన్ చివరి నాలుగైదు వారాలు కత్తెర పక్కన పెట్టేయాలి. మొక్క ఎండి, వంగి, చూడ్డానికి బాగోలేకపోయినా అలాగే ఉండనివ్వాలి. చుట్టాలు వచ్చి ఇదేమిటి ఇలా ఉందంటే గింజకి వదిలానని చెప్పండి. ఆ వికారాన్ని ఓర్చుకోలేనివాళ్ళు మడికి ఒక మూల మాత్రమే గింజకి వదిలి, మిగతాది శుభ్రం చేసుకోవచ్చు.

రెండోది తవ్వడం. నాచు లాంటి సన్న గింజలకి మొలవడానికి వెలుతురు తగలాలి. జానెడు లోతున పడ్డ గింజకి మొలిచే బలమూ ఉండదు, వెలుతురూ అందదు. నేల గట్టిపడిందనిపిస్తే బొరిగెతో పైపైన అంగుళం మందం గీకి వదిలేయండి.

మూడోది ఎండుటాకుల పరుపు. మొక్కలకి చాలా మంచిదే, కలుపు రాకుండా ఆపుతుంది. కలుపు గింజకీ కాస్మోస్ గింజకీ తేడా దానికేం తెలుసు? రెండింటినీ ఆపుతుంది. మొలకలు కావాలనుకున్న చోట ఆకులు పక్కకి లాగి మట్టి కనబడేలా చేయండి. మొలకలు బెత్తెడు ఎత్తుకి వచ్చాక మళ్ళీ మొదళ్ళ చుట్టూ సర్దేయొచ్చు. బొగడబంతి, బిళ్ళగన్నేరు మాత్రం దీనికి విరుద్ధం. వాటి గింజలు చీకట్లోనే బాగా మొలుస్తాయి కాబట్టి పలచగా మట్టి కప్పుకున్నా, ఆకు పడ్డా ఇబ్బంది లేదు.

ఇంకో అనుమానం కూడా ఉంది. మొలిచే ఉంటాయి, కలుపనుకుని మీరే పీకేసి ఉంటారు. దాని సంగతి కింది ఉత్తరంలో.

ప్రశ్న: వానలు పడ్డ వారానికి మా పెరడంతా పచ్చటి మొలకలతో నిండిపోయింది. ఏది పువ్వో ఏది కలుపో తెలియక టెన్షన్‌గా ఉంది. పనిమనిషి పీకేస్తానంటే వద్దని ఆపాను. ఎలా గుర్తుపట్టాలి?

జవాబు: ఆపి మంచి పని చేశారమ్మా. ఈ విద్య వచ్చిందంటే మిగతా తోటపని సగం వచ్చినట్టే, అందుకే ఈ జవాబు కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ముందు సులువైన పని. గడ్డి జాతివి ఒంటి రేకుతో, సూటిగా, సన్నగా వస్తాయి. వాటిని ఆలోచించకుండా పీకేయొచ్చు, ఎందుకంటే నేను ఇక్కడ చెప్పిన పూలన్నీ రెండు ఆకుల జతతోనే మొలుస్తాయి. కాడని వేళ్ళ మధ్య తిప్పి చూస్తే మూడు పలకలుగా తగిలేది తుంగ. దాన్ని పైన తుంచితే లాభం లేదు, కింద గడ్డ తీయాలి.

ఇప్పుడు రెండాకుల మొలకలు. ఈ మొదటి జత ఆకులు, తర్వాత వచ్చే అసలు ఆకులకి పోలికే లేకుండా ఉంటాయి. వీటిని దగ్గరగా కూచుని చూడాలి. నిలబడి చూస్తే అన్నీ ఒకేలా కనబడతాయి.

అన్నిటికంటే పెద్దవి చంద్రకాంత మొలకలు. వెడల్పుగా, మందంగా, కొసన చిన్న నొక్కుతో ఉంటాయి. మొలక పక్కన మట్టిలో వేలుపెట్టి వెతికితే మిరియం గింజంత నల్లటి పెంకు దొరుకుతుంది, అనుమానం తీరిపోతుంది. మార్నింగ్ గ్లోరీ మొదటి ఆకు మధ్యలోకి లోతుగా చీలి, రెండు రెక్కలుగా ఉంటుంది. దాని దగ్గరి చుట్టం కాశీరత్నంలో ఆ చీలిక ఇంకా లోతు. ఒక్కో ఆకూ రెండు సన్నటి కొమ్ములుగా విడిపోయి ఇంగ్లీషు వీ అక్షరంలా ఉంటుంది. ఒక్కసారి చూస్తే జన్మలో మర్చిపోరు. బాల్సం ఆకులు గుండ్రంగా, నున్నగా, కాడ నీరు నిండినట్టు పారదర్శకంగా ఉంటుంది. జిన్నియా మొదటి ఆకులు కోలగా ఉంటాయి. ఆ తర్వాతి జత కాడని రెండు వైపులా పట్టుకున్నట్టు ఎదురెదురుగా వస్తుంది, ముట్టుకుంటే గరుకు.

కాస్మోస్, బంతి రెండూ సన్నగా, పొడవాటి ఆకులతో మొలుస్తాయి. చూపుతో తేల్చుకోలేకపోతే ఒక ఆకు నలిపి వాసన చూడండి. బంతి తన సంగతి తానే చెప్పేస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఆకు చీలికలు చూసి వయ్యారిభామని బంతి అనో కాస్మోస్ అనో ముద్దుగా పెంచేవాళ్ళు ఉన్నారు. లేత వయ్యారిభామ నేలకి అంటుకుని చుట్టూ ఆకులు పరుచుకుని కూచుంటుంది. కాస్మోస్ మొదటి రోజు నుంచే కాడ మీద నిలబడుతుంది. వయ్యారిభామ అని తేలితే చేతికి తొడుగు వేసుకునే పీకండి, చాలామందికి దానితో చర్మం దద్దుర్లెక్కుతుంది. పూత రాకముందే తీసేయాలి.

కోడిజుట్టుకీ అడవి తోటకూరకీ తేడా మాత్రం మొదటి వారంలో తేల్చడం నిజంగానే కష్టం. రెండూ ఒకే కుటుంబం, రెండింటి మొలకలూ చిన్నగా ఎర్రచాయతో ఉంటాయి. నాలుగు అసలు ఆకులు వచ్చేదాకా ఆగండి.

అందరికీ ఒక ఉపాయం. రాలిన గింజల్లోంచి కొన్ని తీసి దాచి, వాన మొదలైన రోజే ఒక కుండీలో వరసలుగా చల్లి, ప్రతి వరసకీ పేరు రాసిన పుల్ల గుచ్చండి. కుండీలో మొలిచినదాన్నీ నేలలో మొలిచినదాన్నీ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. ఏ పుస్తకంలో బొమ్మా ఇంత బాగా చెప్పదు. మీ పనిమనిషికి కూడా ఆ కుండీయే చూపించండి.

ప్రశ్న: ముద్దగా, ఎర్రగా పూసిన జిన్నియాలు రాలి మొలిచి ఈసారి ఒంటి రేకుతో వెలిసిపోయిన రంగుల్లో పూశాయి. మా అక్కవాళ్ళింట్లో గులాబీ రంగు చంద్రకాంత కింద ఎరుపు, తెలుపు, గులాబీ మూడూ వచ్చాయి. నేల తేడావల్లా?

జవాబు: నేలకి దీంట్లో పాత్ర లేదండీ. మీ జిన్నియా ప్యాకెట్ ఇంకా ఉంటే తీసి చూడండి, ఎఫ్1 అనో హైబ్రిడ్ అనో రాసి ఉండొచ్చు. రెండు వేర్వేరు తల్లిదండ్రుల్ని కలిపి పుట్టించిన మొదటి తరం గింజ అది. ఆ తరం అంతా ఒకేలా, అందంగా ఉంటుంది. దాని పిల్లల్లో మాత్రం తాతల పోలికలు విడివిడిగా బయటపడతాయి. పైగా జిన్నియాల మధ్య తేనెటీగలు, సీతాకోకలు పుప్పొడి మోస్తూనే ఉంటాయి. హైబ్రిడ్ కాని గింజ వేసినా, పక్కపక్కన నాలుగు రంగులుంటే పిల్లలు కలగాపులగంగానే వస్తారు. రంగు నిలవాలంటే ఒకటే దారి, నచ్చని రంగు మొక్కని మొదటి పువ్వు విచ్చగానే పీకేయాలి. పాపం అనుకోకూడదు. రెండు మూడు తరాలు అలా చేస్తే తోట మీ ఇష్టానికి దగ్గరపడుతుంది.

మీ అక్కగారి చంద్రకాంత కథ ఇంకా పెద్దది. కార్ల్ కోరెన్స్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ మొక్క మీదే పనిచేశాడు. ఎరుపు, తెలుపు పూల మొక్కల్ని కలిపితే పిల్లలన్నీ గులాబీ రంగు పూశాయి. ఆ గులాబీ మొక్కల గింజ వేస్తే నాలుగింట ఒక వంతు ఎరుపు, ఒక వంతు తెలుపు, సగం గులాబీ. రెండు రంగుల్లో ఏదీ రెండోదాన్ని పూర్తిగా అణచలేకపోవడం వల్ల వచ్చే లెక్క ఇది. మీ అక్కగారి పెరట్లో జరిగింది అదే. ఇంకో వింత. ఆకుల మీద తెల్లమచ్చలుండే చంద్రకాంతలో ఆ మచ్చలు తల్లి వైపు నుంచే పిల్లలకి వస్తాయని కూడా ఆయనే 1909లో చూపించాడు. మచ్చల ఆకు మీకు ఇష్టమైతే మచ్చలున్న కొమ్మకి కాసిన గింజలే ఏరుకోండి. తెల్లగా మొలిచినవి పచ్చదనం లేక చనిపోతాయి, వాటి గురించి బెంగపడకండి.

ప్రశ్న: మెట్ల పక్క ఇనుప కంచె ఉంది. ఏటా దానంతటదే మొలిచి కంచె కప్పే తీగలు చెప్పండి. గోడ పాడుచేసేవి వద్దు.

జవాబు: కాశీరత్నం. నాకు ఈ తీగ విషయంలో పక్షపాతం ఉందని పాత పాఠకులకి తెలుసు. ఈకల్లాంటి ఆకులు, ఐదు కొసల ఎర్రటి సన్నపూలు. కాడ దారంలా సన్నం కాబట్టి కంచె మీద బరువు పడదు, గోడకి వేళ్ళు పెట్టదు, చుట్టుకుని మాత్రమే పైకెళ్తుంది. పూత అయ్యాక ఎండిపోతుంది. అప్పుడు లాగేస్తే కంచె ఖాళీ. రాలిన గింజ తర్వాతి తడికి మొలుస్తుంది. మొలకలు మాత్రం ఎక్కువే వస్తాయి. అడుగుకి ఒకటి చొప్పున ఉంచితే చాలు.

శంఖుపుష్పం రెండోది. వేడి ప్రాంతాల్లో ఇది ఏళ్ళ తరబడి బతుకుతుంది. చిక్కుడు కుటుంబం కాబట్టి గాలిలోని నత్రజనిని వేరు బుడిపెల్లో పట్టి వాడుకుంటుంది, నత్రజని ఎరువు అక్కర్లేదు. కాయలు చదునుగా ఉంటాయి. ఎండాక రెండు పెచ్చులూ మెలితిరిగి గింజల్ని ఎగరేస్తాయి. ఇది చాలావరకు తనలో తానే గింజ కడుతుంది, అందుకే ముద్ద రకం వేస్తే పిల్లలు కూడా ముద్దగానే వచ్చే అవకాశం ఎక్కువ. గింజ పెంకు గట్టిది. రాలినవి కొన్ని ఈ ఏడాది, కొన్ని పై ఏడాది మొలుస్తాయి. వెంటనే కావాలంటే గరుకు కాగితం మీద ఒకసారి రుద్ది రాత్రంతా నీళ్ళలో నానేసి నాటండి. ఉబ్బినవి మొలుస్తాయి, ఉబ్బనివాటిని మళ్ళీ రుద్దండి.

సాయంత్రాలు ఇంట్లో ఉండేవాళ్ళకి మూన్‌ఫ్లవర్. అరచేయి వెడల్పు తెల్లటి పువ్వు సందెవేళ మొగ్గ విప్పుతుంటే కళ్ళముందే కనబడుతుంది. రాత్రి తిరిగే పెద్ద చిమటలు తేనెకోసం వస్తాయి. పిల్లల్ని సంబరపెట్టాలంటే బుడ్డకాకర కూడా వేయొచ్చు, బుడగలాంటి కాయలో నల్లటి గింజల మీద తెల్లటి హృదయం గుర్తు ఉంటుంది. కాకపోతే అది గబగబా వ్యాపించే రకం, కాయలు ఎండకముందే చాలావరకు కోసేయాలి.

నారింజ రేకుల మధ్య నల్లకన్ను ఉండే థన్‌బర్జియా గురించి చాలామంది అడుగుతారు. అందంలో వంక పెట్టలేం. మీ ఇల్లు వాగు పక్కనో, అడవి అంచునో ఉంటే మాత్రం వద్దు. పుట్టిల్లు ఆఫ్రికా, ఇప్పుడు ఆస్ట్రేలియా, హవాయి లాంటి చోట్ల తోటల్లోంచి బయటపడి చెట్లని కప్పేస్తోంది. గులాబీ గుత్తుల కోరల్ తీగ దానికంటే మొండి, దుంప నేలలో ఉండిపోతుంది. అడిగినవాళ్ళందరికీ అది వద్దనే చెప్తున్నాను, చెప్తూనే ఉంటాను.

ప్రశ్న: ఎప్పుడో వేసిన మార్నింగ్ గ్లోరీని మూడేళ్ళ కిందట వేళ్ళతో సహా తీసేశాం. ఇప్పటికీ ప్రతి వానకీ మొలుస్తూనే ఉంది. ఇది పోయే దారి లేదా?

జవాబు: ఉంది, ఓపిక కావాలి. మీరు తీసింది తీగని. నేలలో దాచిన గింజలు అలాగే ఉన్నాయి. ఈ జాతి గింజ పెంకులోకి నీరు దూరదు. పెంకు ఎండకి, తడికి, మట్టి రాపిడికి అరిగి చిన్న పగులు వచ్చినప్పుడే మొలుస్తుంది. ఒక్కో గింజకీ ఆ పగులు ఒక్కో ఏడాది వస్తుంది. అందుకే వాయిదాల్లో మొలుస్తోంది.

గింజల ఓపిక ఎంతదో చూడాలని విలియం బీల్ అనే అమెరికా వృక్షశాస్త్రవేత్త 1879లో ఇసుకతో కలిపిన కలుపు గింజల్ని 20 సీసాల్లో పోసి మిషిగన్‌లో పాతిపెట్టాడు. కొన్నేళ్ళకొకసారి ఒక్కో సీసా తవ్వి తీస్తున్నారు. 2021లో తీసిన సీసాలోనూ వెర్బాస్కం అనే మొక్క గింజలు మొలిచాయి. మీ తీగ అంత కాలం విసిగించదు, భయపడకండి.

చేయాల్సింది రెండే. ఒక్క మొలకని కూడా పూత దాకా రానివ్వకండి. కొత్త గింజ పడకపోతే ఏటేటా మొలకలు తగ్గిపోతాయి. తర్వాత, ఆ చోట తవ్వకండి. తవ్విన ప్రతిసారీ కింద ఉన్న గింజల్ని మీరే పైకి తెస్తున్నారు. మట్టి మీద తడిపిన అట్టముక్కలు పరిచి, పైన బెత్తెడు మందాన ఎండుటాకులు కప్పి, పక్కలనుంచి తొంగిచూసినవాటిని చేత్తో పీకేయండి. పీకిన తీగకి కాయలుంటే ఎరువు గుంటలో వెయ్యొద్దు, ఆ ఎరువుతో పాటే తోటంతా పంచుతారు.

ప్రశ్న: కనకాంబరం మొక్కలకి నీళ్ళు పోస్తుంటే చిటపట చప్పుడు వస్తోంది. పురుగా?

జవాబు: పురుగు కాదు, కాయలు పేలుతున్నాయి. కనకాంబరం ఎండుకాయ తడి తగిలితే పగిలి గింజల్ని విసిరేస్తుంది. పిల్లలు నీళ్ళలో వేసి పేల్చుకునే చిటపటకాయ మొక్కదీ ఇదే పద్ధతి. వాన పడ్డప్పుడే గింజ నేలకి చేరాలని దాని ఏర్పాటు. గింజ కావాలంటే నీళ్ళు పోయకముందే పొడి కంకులు కోసి కాగితం సంచిలో వేసుకోండి. కొన్ని కనకాంబరం రకాల్లో క్రోమోజోములు మూడు సెట్లుంటాయి, అవి గింజే కట్టవు. వాటిని కొమ్మలతోనే పెంచుకోవాలి.

ప్రశ్న: మేం వేయని మొక్కలు మేడమీద గోడ పగుళ్ళలోనూ, పక్క కుండీల్లోనూ మొలుస్తున్నాయి. ముఖ్యంగా ఉదయం పూసే టర్నెరా. గాలి అంత ఎత్తుకి తెస్తుందా?

జవాబు: గాలి కాదు, చీమలు. టర్నెరా గింజకి ఒక పక్క తెల్లటి మెత్తటి తోక లాంటిది అంటుకుని ఉంటుంది. అందులో ఉన్న కొవ్వు కోసం చీమలు గింజని మోసుకుపోతాయి. తోక తిని గింజని పుట్ట దగ్గర పారేస్తాయి. చీమల బారు ఎటు వెళ్తోందో చూడండి, మీ టర్నెరాలన్నీ ఆ దారిలోనే ఉంటాయి. గోడ పగులులో మొలిచినదాన్ని పిల్లగా ఉన్నప్పుడే తీసేయండి. ముదిరితే వేరు పగులుని ఇంకా తెరుస్తుంది.

ప్రశ్న: ఏడాదిన్నర పాప ఉంది, ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటుంది. ఈ మొక్కల్లో ప్రమాదకరమైనవి ఉన్నాయా?

జవాబు: ఉన్నాయమ్మా. చంద్రకాంత గింజ, దుంప రెండూ విషమే. ఆ నల్లటి గింజ పిల్లల్ని ఇట్టే ఆకర్షిస్తుంది. మార్నింగ్ గ్లోరీ జాతి గింజలూ మింగకూడనివి. బిళ్ళగన్నేరు మొక్కంతా విషం. కేన్సర్ మందులు విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ తీసేది దాన్నుంచే, అంత శక్తిమంతమైన పదార్థాలు అందులో ఉన్నాయి. పాపకి నాలుగైదేళ్ళు వచ్చేదాకా ఈ మూడూ వద్దు. బంతి, జిన్నియా, కాస్మోస్‌లతో సరిపెట్టుకోండి. అప్పటికీ పాపని ఒంటరిగా మొక్కల దగ్గర వదలకండి. ఏదైనా మింగిందని అనుమానం వస్తే ఆ మొక్క కొమ్మ ఒకటి చేత పట్టుకుని వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ప్రశ్న: అన్నీ రాలనివ్వకుండా కొన్ని గింజలు దాచుకుందామనుకుంటే ఆరు నెలలకే పాడైపోతున్నాయి.

జవాబు: తడి, వేడి, ఈ రెండే గింజకి శత్రువులు. హారింగ్టన్ అనే విత్తన శాస్త్రవేత్త చెప్పిన కొండగుర్తు ఒకటుంది. గింజలో తేమ ఒక శాతం తగ్గిన ప్రతిసారీ దాని ఆయుష్షు రెట్టింపవుతుంది, నిలవ ఉంచిన చోట 5 డిగ్రీల సెల్సియస్ తగ్గిన ప్రతిసారీ ఇంకో రెట్టింపు. గింజల్ని నీడలో వారం పదిరోజులు ఆరబెట్టి, కాగితం పొట్లంలో కట్టి, మందుసీసాల్లో వచ్చే సిలికా పొట్లాలతో పాటు బిగుతు మూత డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. డబ్బా బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా మూత తీయకండి, తీస్తే లోపల చెమ్మ పడుతుంది. పొట్లం మీద పేరు, నెల రాయడం ఎలాగూ చేస్తారు. పువ్వు రంగు కూడా రాయండి.

ప్రశ్న: శంఖుపుష్పం మొలక ఒకటి సరిగ్గా గేటు తిరిగే చోట వచ్చింది. కాస్మోస్‌లు కూడా నడిచే దారిలోనే మొలిచాయి. తీసి వేరేచోట నాటితే బతుకుతాయా?

జవాబు: కాస్మోస్ బతుకుతుంది. నాలుగు ఆకులు దాటకముందే, సాయంత్రం పూట, ముందుగా నేల బాగా తడిపి బొరిగెతో మట్టిబెడ్డతో సహా లేపండి. ఆకుని పట్టుకోండి, కాడని పట్టుకోవద్దు. ఆకు నలిగితే ఇంకోటి వస్తుంది, కాడ నలిగితే మొలక పోయినట్టే. నాటాక రెండు రోజులు ఏదైనా నీడ కల్పించండి. బంతి, జిన్నియా, కోడిజుట్టు, బాల్సం అన్నిటికీ ఇదే పద్ధతి.

శంఖుపుష్పానిది నిలువు వేరు, కదిలిస్తే ఒప్పుకోదు. మొదటి అసలు ఆకులు వచ్చేలోపే అయితే అరచేయంత లోతు మట్టితో తవ్వి ప్రయత్నించండి. అప్పటికే తీగ సాగి ఉంటే కష్టపడకండి. పీకేసి, ఆ తల్లి తీగ కాయే ఇంకొకటి ఒలిచి, గింజ నానేసి, కావాల్సిన చోట నాటుకోండి. గేటు దగ్గర రెండు మూడు నెలలు ఒక కన్నేసి ఉంచండి, అక్కడ ఒకటి మొలిచిందంటే పక్కన ఇంకా ఉంటాయి.